కీర్తిశేషులు డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా గారు

మన సంఘం ఉగాది సంచికలో ఒక మహనీయుని జీవితం ప్రకటించటం ఆనవాయితీగా వస్తున్నది. తిరువళ్ళూరు మొదలు కనకమ్మ సత్రం మీదుగా తిరుత్తణి వరకు స్థిరపడిన తెలుగువారం మనం. విశ్వవిద్యాలయ పండితుడు అనగానే మన మనస్సు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి మీదికే పోతుంది. అది న్యాయమే. 1888లో తిరుత్తణిలో పుట్టి, ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఉపాధ్యక్షులై, ఆక్స్‌ఫర్డులో ఆచార్యులై, 1962లో రాష్ట్రపతి పదవిని అలంకరించిన ఆయన కథ మన పిల్లలకు కంఠపాఠం. అందుచేత ఈ ఉగాదికి ఆయన కాలంవారే అయిన వేరొక పండితుని పాఠకుల ముందు నిలుపుతున్నాము. ఇస్లామీయ ధర్మశాస్త్రంలోను, ఆ ధర్మశాస్త్రాన్ని అనుసరించిన ఆర్థిక విచారంలోను ఇస్తాంబూలు, పారిస్, ఇస్లామాబాదు విద్వత్సభలు గురువుగా మన్నించిన హైదరాబాదీయుడు డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా గారే ఆ పండితులు. తెలుగు పత్రికలలో ఆయన పేరు కనబడటం అరుదు.

ఆయన ఉర్దూ మాతృభాషగా గలవారు గదా, మన సంచికలో ఆయనకు చోటేమిటని కొందరు పెద్దలు అడుగవచ్చును. పుట్టింది హైదరాబాదులో, చదివింది, చదువు చెప్పింది ఉస్మానియాలో. ఆ నేల తెలుగు నేల. అంతేగాక ఆయన వంశం నవాయతు విద్వాంసుల వంశం. కొంకణ తీరంనుండి వచ్చి, ఆర్కాటు నవాబుల నాడు ఆర్కాటులోను, మద్రాసులోను ధర్మశాస్త్ర పండితులుగా, కాజీలుగా పేరొందినవారు. హమీదుల్లా గారి తాతగారు కాజీ మహమ్మద్ సిబ్గతుల్లా మద్రాసులో ప్రసిద్ధ గ్రంథకర్త. మన తిరుత్తణి 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. కాబట్టి ఆయనను మనవారనటానికి పెద్ద సాము చేయనక్కరలేదు.

హమీదుల్లా గారు 1908 ఫిబ్రవరిలో హైదరాబాదులో జన్మించినారు. ఎనిమిదిమంది సంతానంలో కడపటివారు. తండ్రి అబూ మహమ్మద్ ఖలీలుల్లా గారు నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఇంట అరబ్బీ, పారసీ విద్యలు తండ్రి వద్దనే మొదలైనవి. తరువాత సంప్రదాయ విద్యకు పేరుపడ్డ జామియా నిజామియాలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరినారు. ఈ రెండు చదువుల కలయికే ఆయన జీవితానికి మూలధనం. ఒకచోట వేయి సంవత్సరాల నాటి వ్యాఖ్యానాలు, రెండవచోట ఐరోపా న్యాయశాస్త్రం.

ఉస్మానియాను గురించి ఇక్కడ ఒక మాట. 1918లో నెలకొన్న ఆ విశ్వవిద్యాలయంలో న్యాయం, వైద్యం, గణితం సమస్తం ఉర్దూలోనే బోధించేవారు. అందుకై ముందుగానే 1917లో అనువాద శాఖను ఏర్పరచి గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినారు. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని లోకానికి చూపిన గొప్ప ప్రయత్నం అది. అయితే రాజ్యంలో అధిక సంఖ్యాకుల ఇంటిభాష తెలుగు గదా, ఆ గౌరవం తెలుగుకు దక్కలేదే అన్న చింత మాకు నేటికీ పోలేదు. తెలంగాణపు తెలుగు బిడ్డ పరాయి భాషలో చదివి పట్టభద్రుడు కావలసి వచ్చింది. ఈ చింతకు హమీదుల్లా గారు బాధ్యులు కారు.

ఉస్మానియాలో న్యాయశాస్త్ర పట్టం, అంతర్జాతీయ న్యాయంలో ఎం.ఏ. పొంది, ఐరోపా ప్రయాణమైనారు. 1933లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో, ఇస్లామీయ న్యాయంలో తటస్థ రాజ్యాల స్థితి ఎట్టిదన్న విషయం మీద వ్యాసం సమర్పించి డాక్టరు పట్టం పొందినారు. రెండేండ్లకే, 1935లో, పారిస్‌లోని సోర్బాన్‌లో మరొక డాక్టరు పట్టం. ఈసారి విషయం మహమ్మద్ ప్రవక్త, తొలి ఖలీఫాల కాలపు రాయబార పత్రాలు. ఇరువదియేడేండ్ల వయస్సుకు రెండు దేశాల రెండు భాషలలో రెండు సిద్ధాంత గ్రంథాలు. సరిగా ఆ సంవత్సరాలలోనే రాధాకృష్ణన్ గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దుతున్నారు. ఒకరు హిందూ దర్శనాలను పాశ్చాత్యులకు వారి పరిభాషలోనే బోధపరచబూనినారు. రెండవవారు ఇస్లామీయ న్యాయం విషయంలో సరిగా ఆ పనికే పూనుకొన్నారు.

తిరిగి వచ్చి ఉస్మానియాలో అధ్యాపకులైనారు. ఆయన ప్రధాన సిద్ధాంతాన్ని సులభంగా చెప్పజూస్తాము. రాజ్యాలు తమలో తాము యుద్ధంలోను, సంధిలోను ఎట్లు మెలగాలన్న శాస్త్రానికి హాలెండు దేశీయుడు గ్రోషియస్ 1625లో పునాది వేసినాడని పాశ్చాత్యుల పాఠ్యగ్రంథాలు చెప్పేవి. హమీదుల్లా గారు అంతకు ఎనిమిది శతాబ్దాల ముందరి గ్రంథాలను బయటికి తీసినారు. క్రీ.శ. 805 ప్రాంతంలో మరణించిన షైబానీ అనే ఇరాకు పండితుడు, శత్రువుతో ఒడంబడిక, రాయబారి రక్షణ, బందీల పట్ల ప్రవర్తన, పరదేశపు వర్తకుని హక్కులు ఈ విషయాలనే విడదీసి ప్రత్యేక శాస్త్రంగా వ్రాసినాడు. పదునొకండవ శతాబ్దిలో సరఖ్సీ దానికి వ్యాఖ్య చెప్పినాడు. రాజాగ్రహానికి గురియై చెరలో పడిన సరఖ్సీ, పైన కూర్చున్న శిష్యులకు గోతిలోనుండి పాఠం చెప్పి వ్రాయించినాడని ప్రతీతి. ఈ గ్రంథాల మీద ఆధారపడి హమీదుల్లా గారు వ్రాసిన ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్ అనే ఆంగ్ల గ్రంథం మొదట హైదరాబాదు త్రైమాసిక పత్రిక ఇస్లామిక్ కల్చర్‌లో భాగాలుగా వెలువడింది. అరబ్బీలో ఆయన కూర్చిన ప్రవక్త కాలపు రాజకీయ పత్రాల సంపుటం 1941లో కైరోలో అచ్చయింది.

మదీనా నగరంలో ప్రవక్త వ్రాయించిన ఒడంబడికను ఆయన 52 ప్రకరణాలుగా విభజించి, అది లోకంలో తొలి లిఖిత రాజ్యాంగమని వాదించినారు. తొలిది అన్న మాటను చరిత్రకారులందరు ఒప్పరు. మేమూ దానిని ఒకింత అతిశయంగానే ఎంచుతాము. కాని అందులో ఆయన చూపిన ఒక సంగతి మాత్రం చాల విలువైనది. ఒక తెగవాడు హత్యానేరంలో చిక్కి పరిహారం చెల్లించవలసినా, శత్రువులకు బందీగా చిక్కినా, ఆ ధనం అతడొక్కడు గాక తెగ అంతా కలిసి చెల్లించాలని ఆ ఒడంబడికలో ఉన్నది. ఇది నేటి భీమా పద్ధతికి పూర్వరూపమని హమీదుల్లా గారు వ్యాఖ్యానించినారు. ఒకని మీద పడ్డ కష్టాన్ని నలుగురు పంచుకోవటమే గదా భీమా.

ఇక్కడ ఆయన న్యాయశాస్త్రం అర్థశాస్త్రంలోనికి అడుగుపెట్టింది. 1936 ఏప్రిల్‌లో ఇస్లామిక్ కల్చర్ పత్రికలో, శ్రామికుని స్థానాన్ని ముఖ్యంగా తీసుకొని, మౌలికమైన ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారాన్ని గురించి ఒక వ్యాసం వ్రాసినారు. నేడు లోకమంతటా విశ్వవిద్యాలయాలలో బోధించే ఇస్లామీయ అర్థశాస్త్రానికి తొలి వ్యాసాలలో అదొకటి. ఆ విత్తనం మొలకెత్తింది మన హైదరాబాదులోనన్నమాట! ఉస్మానియాలోనే మతశాస్త్ర శాఖకు అధిపతియైన మనాజిర్ అహ్సన్ గీలానీ ఈ విషయంమీద ఉర్దూలో పెద్ద గ్రంథం వ్రాసినారు. అర్థశాస్త్ర శాఖాధిపతి అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతాన్ని గూర్చి ఆంగ్లంలో వ్రాసినారు. మహమ్మద్ యూసుఫుద్దీన్ ఈ విషయాన్నే పరిశోధించి డాక్టరు పట్టం పొందినారు. ఒకే విద్యాలయంలో ఇంతమంది ఒకే ప్రశ్నను పట్టుకొని కూర్చోవటం అరుదు.

ఆ ప్రశ్న వడ్డీ. ఇస్లాం ధర్మశాస్త్రం ఋణం మీద వడ్డీని నిషేధించింది. బ్యాంకులతో నిండిన లోకంలో ఈ నిషేధాన్ని పాటించేదెట్లు? హమీదుల్లా గారు గ్రంథాలతో తృప్తిపడక తమ ఊరిలోని అనుభవాన్ని చూపినారు. హైదరాబాదులో పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండే వడ్డీ లేని ఋణ సంఘాలు ఉండేవి. 1923లో ప్రభుత్వోద్యోగులు పెట్టుకొన్న పరస్పర సహాయ సంఘం అందులో పేరుపొందినది. వీటి చరిత్రను ఆయన ఉర్దూలో వ్రాసి, 1955లో ఒక జర్మన్ ప్రాచ్య విద్యా పత్రికలో ఆంగ్లంలో కూడ ప్రకటించినారు. సభ్యుడు నెలనెలా చిన్న మొత్తం వాటాగా కడతాడు. అవసరం పడినప్పుడు సంఘం నుండి ఋణం తీసుకొని, వాయిదాల మీద అసలు మాత్రం తీరుస్తాడు. పై పైసా లేదు.

మన ఆడవారు ఇంటింట వేసే చీటీతో పోల్చి చూస్తే దీని కిటుకు తెలుస్తుంది. ఇరువదిమంది నెలకు 500 రూపాయల వంతున వేస్తే చీటీ 10,000 అవుతుంది. కూతురి పెండ్లి పెట్టుకొన్న ఇల్లాలు ఆ నెల పాటలో 1,500 తగ్గించి పాడుకొంటే ఆమె చేతికి 8,500 వస్తుంది. ఆ 1,500 మిగిలినవారు పంచుకొంటారు. పేరు వడ్డీ కాదు గాని, ముందుగా సొమ్ము అవసరమైనందుకు ఆమె ఇచ్చుకొన్న వెల అది. హైదరాబాదు సంఘాలలో ఆ పాట లేదు. వంతు వచ్చినవారికి నిండు మొత్తం దక్కుతుంది. మరి సొమ్ము దాచుకొనేవానికి లాభం ఏమంటే, రేపు తనకు అవసరం వచ్చినప్పుడు తానును అట్లే పొందగలడు. దీనికి పరస్పరం ఎరిగిన మనుషులు కావాలి. ఒక కచేరీ ఉద్యోగుల మధ్య, ఒక పేట వారి మధ్య సాగినది మహానగరంలో ఎరుగనివారి మధ్య సాగటం కష్టం. ఎప్పుడును అప్పు కోరేవారు ఎక్కువ, దాచేవారు తక్కువ అవుతారు. ధరలు పెరిగే కాలంలో, ఏండ్లు గడచి తిరిగివచ్చే అసలు తన విలువనే కొంత పోగొట్టుకొంటుంది. ఈ చిక్కులను తక్కువ చేసి చెప్పటం మాకిష్టం లేదు.

చెన్నపట్నం నుండి తిరుపతికి కాలినడకన పోయే యాత్రికులు తిరువళ్ళూరు దాటి, కనకమ్మ సత్రం మీదుగా తిరుత్తణి, నగరి, పుత్తూరు పట్టుకొని కొండ చేరతారు. వారు దర్శింపబోయే స్వామి కుబేరుని వద్ద తెచ్చిన పెండ్లి అప్పుకు వడ్డీ కడుతున్న వడ్డికాసులవాడు! స్వామికే తప్పని వడ్డీ మానవమాత్రులకు తప్పుతుందా అని మనవారు నవ్వుకోవటం కద్దు. కాని ఆ దారిలోనే ఒక పుణ్యాత్మురాలి పేరు సత్రం పేరుగా, సత్రం పేరు ఊరి పేరుగా నిలిచి ఉన్నది. సత్రంలో తిన్న అన్నానికి లెక్క వ్రాయరు. వడ్డీ కట్టే దేవుని సంప్రదాయం, వడ్డీ ఎరుగని సత్రపు సంప్రదాయం రెండూ మనవే. హమీదుల్లా గారి విచారం మనకు బొత్తిగా పరాయిది కాదనటానికే ఇది వ్రాసినాము.

ఇక 1948. ఆయన జీవితం రెండుగా చీలిన సంవత్సరమది. భారత ప్రభుత్వంతో తగవును నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి విన్నవించుకొన్నది. ఆ ప్రతినిధి వర్గంలో అంతర్జాతీయ న్యాయవేత్తగా హమీదుల్లా గారు పారిస్ వెళ్ళినారు. సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినవి. 16న భద్రతా మండలి పారిస్‌లో ఈ విషయం చేపట్టింది. 17న నిజాం లొంగిపోయినాడు. 22న నిజామే ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు. రాజ్యాల హక్కులను గురించి పండ్రెండేండ్లు పాఠం చెప్పిన ఆచార్యుడు, తన రాజ్యం అయిదు దినాలలో లేకుండా పోవటాన్ని పరదేశంలో ఉండి చూచినారు.

ఆయన తిరిగి రాలేదు. ఆ తరువాత బ్రతికిన యాభైనాలుగేండ్లు పరదేశంలోనే గడిపినారు.

ఈ విషయంలో మా అభిప్రాయం దాచుకోము. నిజాం ప్రభుత్వం క్రింద, దేశముఖుల క్రింద తెలంగాణ రైతు పడిన బాధలు, రజాకార్ల దౌర్జన్యాలు మరపురానివి. ఆ ప్రభుత్వం పక్షాన నిలిచి వాదించటం మేము మెచ్చే పని కాదు. హైదరాబాదు ప్రజలకు భారతదేశంలో కలియటమే మేలైనది. అయితే పోలీసు చర్య అనంతరం ఆ రాజ్యంలోని ముస్లిం ప్రజల మీద జరిగిన హత్యాకాండ కూడ చరిత్రే. దానిని విచారించిన సుందర్‌లాల్ సంఘం 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక చాల దశాబ్దాలు ప్రజల కంటబడలేదు. ఈ రెండింటిలో ఒకదానిని చెప్పి రెండవదానిని విడిచిపెడితే హమీదుల్లా గారి నిర్ణయం మనకు అర్థం కాదు.

దేశం తమ కాళ్ళక్రింద నుండి జరిగిపోవటం ఎట్టిదో మన ప్రాంతంవారికి కొంత తెలుసు. తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లాలో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో పడింది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మన తాతలు ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రం వారైనారు. కచేరీ కాగితాల భాష మారింది, బడిలో పలక మీద అక్షరం మారింది. మన సంగతి ఒక దేశంలోనే జరిగింది కనుక పౌరహక్కులు పోలేదు. ఆయనకు అదికూడ పోయింది.

కొంతకాలం పాకిస్తాన్ ప్రభుత్వం ఆహ్వానించగా, రాజ్యాంగ రచనలో ధర్మశాస్త్ర సలహా చెప్పటానికై ఏర్పరచిన పండిత మండలిలో పనిచేసినారు. అక్కడ నిలువలేదు. తిరిగి పారిస్ చేరినారు. ఫ్రెంచి పౌరసత్వం పుచ్చుకొనలేదు. శరణార్థికి ఇచ్చే ప్రయాణ పత్రాలతోనే దేశదేశాలు తిరిగినారు. ఇతర రాజ్యంలో తలదాచుకొన్న పరదేశికి ఏయే హక్కులున్నవని షైబానీ చెప్పినాడో అవి ఆయన పాఠం చెప్పిన విషయాలే. తామే అట్టి పరదేశి అయినారు. రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి భవనంలో ఉన్న సంవత్సరాలలో, హమీదుల్లా గారు పారిస్‌లో రూ ద తుర్నాన్ వీథిలో పై అంతస్తున ఒక చిన్న ఇంట పుస్తకాల మధ్య ఒంటరిగా ఉండేవారు. పెండ్లి చేసుకొనలేదు.

1954 నుండి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ వైజ్ఞానిక పరిశోధన సంస్థలో పరిశోధకులుగా ఉన్నారు. ఏటా కొన్ని నెలలు తుర్కీ వెళ్ళి ఇస్తాంబూలు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. ఇట్లు దాదాపు ఇరువదియైదేండ్లు. తుర్కీలో ఇస్లామీయ విద్యలు పలుచబడిన కాలమది. అక్కడ తరువాతి తరం ఆచార్యులలో ఆయన శిష్యులు చాలమంది.

ఈ కాలంలో చేసిన గ్రంథ పరిశోధనలలో ఒకటి చెబుతాము. ప్రవక్త సూక్తులను అనుచరుడైన అబూ హురైరా చెప్పగా విని, శిష్యుడు హమ్మామ్ వ్రాసుకొన్న 138 సూక్తుల చిన్న పుస్తకం పోయిందనే అనుకొనేవారు. హమీదుల్లా గారు దాని ప్రతులను బెర్లిన్‌లోను, డమాస్కస్‌లోను కనుగొని, సరిపోల్చి 1953లో ప్రకటించినారు. తొమ్మిదవ శతాబ్దపు మహాసంకలనాలకు ముందు సూక్తులు నోటిమాటగానే సాగినవన్న వాదానికి ఇది గట్టి సమాధానమైంది. 1959లో ఖురానుకు ఆయన ఫ్రెంచి అనువాదం, ప్రవక్త జీవితం రెండు సంపుటాలు వెలువడినవి. చిన్ననాడు హైదరాబాదులో అరబ్బీ నేర్చిన వ్యక్తి ఫ్రెంచిలో ఖురాను వ్రాయటం మనకు గర్వకారణం కాదా!

అర్థశాస్త్ర విచారం మానలేదు. 1955లో ముస్లిం దేశాలన్నీ కలిసి ఒక నిధిని ఏర్పరచుకొని, కష్టకాలంలో ఒకదానికొకటి వడ్డీ లేకుండా ఋణమిచ్చుకోవాలని ఒక పత్రికలో ప్రతిపాదించినారు. అది 1944లో బ్రెటన్‌వుడ్స్‌లో రూపొందిన అంతర్జాతీయ ద్రవ్యనిధిని మనస్సులో ఉంచుకొని వ్రాసినది. చూడగా హైదరాబాదు ఉద్యోగుల సంఘాన్నే రాజ్యాల స్థాయికి పెంచినట్లున్నది. మనుషుల స్థానంలో దేశాలు, నెల వాటా స్థానంలో దేశాల చందా. ఆ రూపంలో అట్టి నిధి ఏర్పడలేదు. కాని 1975లో జిద్దాలో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు పని ప్రారంభించింది. ఆ సంవత్సరమే దుబాయిలో వడ్డీ లేని బ్యాంకు తెరిచినారు. నేటి ఇస్లామీయ బ్యాంకులు చేసే వ్యాపారంలో చాలవరకు సరుకు కొని లాభం వేసి వాయిదాల మీద అమ్మే పద్ధతి. అది వడ్డీకి మారుపేరేనని విమర్శించేవారు ముస్లిం పండితులలోనే ఉన్నారు. హైదరాబాదు సంఘాల పరస్పర సహాయంలో ఉన్న ఆత్మ వేరు.

1980లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూరులో పండ్రెండు ఉపన్యాసాలు ఇచ్చినారు. అవి పుస్తకమై ఉర్దూ చదువరుల ఇండ్లలో నేటికీ ఆదరం పొందుతున్నవి. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం బిరుదుతోపాటు ఇచ్చిన ధనాన్ని ఇస్లామాబాదులోని పరిశోధన సంస్థకే తిరిగి ఇచ్చివేసినారు. గోతిలోనుండి పాఠం చెప్పిన సరఖ్సీ గ్రంథానికి ఆయన చేసిన ఫ్రెంచి అనువాదం ఎనుబదియేండ్లు దాటిన తరువాత అంకారాలో నాలుగు సంపుటాలుగా అచ్చయింది.

1996లో ఆరోగ్యం చెడగా పారిస్ విడిచి అమెరికాలోని బంధువుల వద్దకు వెళ్ళినారు. 2002 డిసెంబరు 17న ఫ్లారిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో తొంబదినాలుగేండ్ల వయస్సున దివంగతులైనారు. అక్కడనే ఖననం చేసినారు. ఆయన రచనలు చదువగోరే మన యువకులు, ఇస్లాం పరిచయంగా ఆయన 1957లో ప్రకటించిన చిన్న ఆంగ్ల గ్రంథంతో మొదలు పెట్టవచ్చును. న్యాయశాస్త్ర విద్యార్థులు ముందు ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్‌లో యుద్ధ బందీలను గూర్చిన అధ్యాయాలు చదివి, పిమ్మట తక్కినవి చదివితే సులభంగా ఉంటుంది.